నర్సింగ్ విద్యార్థులకు పోషకాహార పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలులో ఒక నర్సింగ్ కళాశాలలో కొత్తగా ట్యూటరుగా చేరిన ఒకరి ప్రశ్నకు ఇది జవాబు. ఆ ప్రశ్న సారాంశం ఇది: బి.ఎస్సీ. నర్సింగ్ రెండో సెమిస్టరులో పోషకాహార పాఠాన్ని వారికి అప్పగించారు. పిల్లలు విటమిన్ల పట్టికలు తప్పు లేకుండా అప్పజెప్పుతున్నారు, ఇంటర్నల్స్‌లో మార్కులూ బాగానే వస్తున్నాయి. అయితే గర్భిణుల వార్డుకు పంపితే ప్రతి మంచం దగ్గరా "పౌష్టికాహారం తీసుకోవాలమ్మా, ఆకుకూరలు, పండ్లు, పాలు, గుడ్లు బాగా తినాలి" అనే ఒకే మాట చెప్పి వచ్చేస్తున్నారు. దీన్ని మార్చడం ఎలా, ప్రాక్టికల్ గంటల్లో ఏమి చేయించాలి, బాలింత పథ్యాల గురించి ఏమని నేర్పాలి, గోడకు ఏ చార్టులు పెట్టాలి అని వారు అడిగారు. నెల్లూరులో చాలా ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పోషకాల పట్టిక చెప్పే ముందు, ఎదుటి మనిషి నిన్న ఏమి తిన్నదో అడిగి రాసుకోవడం నేర్పండి. మొదటి వారం మొత్తం దీనికే కేటాయించండి. అడగడం వచ్చిన విద్యార్థినికి పట్టిక ఎందుకు అవసరమో దానంతటదే తెలుస్తుంది. పట్టికతో మొదలుపెట్టిన విద్యార్థిని మాత్రం నాలుగో సంవత్సరంలో కూడా మీరు చెప్పిన ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. "విటమిన్ ఎ వేటిలో ఉంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం వాళ్లకు నేర్పాము, కానీ వార్డులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ వినిపించేవి "సంగటి తినొచ్చా?", "పెరుగు పోసుకుంటే కుట్లు చీము పడతాయంట, నిజమేనా?", "మా అత్త గుడ్డు వేడి చేస్తుందంటోంది, మానేయనా?" అనే ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పాలంటే ఆ ఇంట్లో ఏమి వండుతారో, ఎవరు వండుతారో, ఎవరు వడ్డిస్తారో, ఎవరు చివర తింటారో ముందు తెలియాలి.

ఇక పద్ధతి. 24 గంటల ఆహార వివరం సేకరించడం పాఠ్యపుస్తకంలో అర పేజీలో ముగుస్తుంది. దాన్ని మీరు చేతిపనిగా నేర్పాలి. "ఏమి తిన్నారు?" అంటే "అన్నం, కూర" అన్న జవాబే వస్తుంది. అందుకని నిన్న పొద్దున నిద్ర లేచిన దగ్గర నుంచి ఈ రోజు లేచేదాకా వరుసగా అడగమనండి: లేవగానే టీనా, కాఫీనా, అందులో పాలెన్ని, టిఫిను ఇంట్లోనా, బండి దగ్గరా, మధ్యాహ్నం అన్నం ఎన్నిసార్లు పెట్టుకున్నారు, ఏ గరిటెతో, కూర ఎంత, చారు ఎంత, ఊరగాయ, ఎండు చేప ఉన్నాయా, రాత్రి మిగిలినదే తిన్నారా. అన్నీ అయ్యాక "మధ్యలో నోట్లో వేసుకున్నవి ఏమైనా ఉన్నాయా?" అని మరోసారి అడగాలి. వేరుశనగకాయలు, మరమరాలు, ముగ్గురు పిల్లలకు పెట్టగా మిగిలిన ముద్ద, ఇలాంటివన్నీ ఆ చివరి ప్రశ్నకే బయటికి వస్తాయి.

తర్వాత కొలత. తరగతికి ఒక తూకం, ఇళ్లలో వాడే రకరకాల స్టీలు గ్లాసులు, గరిటెలు, గిన్నెలు తెప్పించండి. 100 గ్రాముల బియ్యం తూచి, వండించి, అన్నాన్ని మళ్లీ తూచమనండి. ఎసరును బట్టి అది 250 నుంచి 300 గ్రాముల దాకా వస్తుంది. పుస్తకంలోని విలువలు బియ్యానికి, రోగి చెప్పేది అన్నానికి అన్న తేడా ఆ ఒక్క పనితో బుర్రకెక్కుతుంది. పప్పు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. "రోజూ పప్పు తింటాను" అన్న గర్భిణి మాట విని విద్యార్థిని ప్రోటీన్ సరిపోతోందని రాసేస్తుంది. ఆ ఇంట్లో ఐదుగురికి 100 గ్రాముల కందిపప్పు పప్పుచారుగా కాస్తారు. మనిషికి 20 గ్రాముల పప్పు, అంటే నాలుగు గ్రాముల పైచిలుకు ప్రోటీన్ మాత్రమే పడుతుంది. అందులోనూ గిన్నె అడుగున ఉన్న చిక్కటి పప్పు ముందు తిన్నవారికి పోతే, చివర కూర్చున్న ఆమెకు తేటే మిగులుతుంది.

ఈ లెక్కను నేను బోర్డు మీద పూర్తిగా వేయిస్తాను. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల స్త్రీకి అది 41, 42 గ్రాములు. గర్భం చివరి మూడు నెలల్లో దానికి మరో 22 గ్రాములు కలపాలి, అంటే 63 గ్రాముల పైమాటే. ఆమె రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే సుమారు 23 గ్రాములు దానిలోనే వస్తాయి. అన్నంలో ప్రోటీనే లేదనుకునే పిల్లలకు ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. పప్పుచారులో నాలుగు, టీ పాలలో మూడు, కూరల్లో కొద్దిగా. మొత్తం 30 గ్రాములకు కొద్దిగా పైన మాత్రమే. ఇప్పుడు ఈ లోటు ఎలా పూడ్చాలో వాళ్లనే చెప్పమనండి. ఒక గుడ్డు ఆరు గ్రాముల పైన, గ్లాసు పాలు మరో ఆరు, గుప్పెడు వేరుశనగలు ఏడు, పప్పుచారుకు బదులు ముద్దపప్పు అయితే ఇంకో నాలుగైదు. చేప కూర వండిన రోజు వంద గ్రాముల ముక్కలతో పద్దెనిమిది గ్రాముల దాకా అందుతుంది. అప్పుడు విద్యార్థిని "పౌష్టికాహారం తినండి" అనదు. "అంగన్‌వాడీలో మీకిచ్చే గుడ్డు మీరే తింటున్నారా, పిల్లలకు పెడుతున్నారా?" అని అడుగుతుంది. నా అనుభవంలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో సలహా అంతా మారిపోతుంది.

బియ్యం గురించి మరొక మాట. మన పిల్లలు వాడే ఆహార పట్టికలను ఇచ్చే ఆ జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలింది. మరపట్టిన తెల్ల బియ్యం మీదే బతికే ప్రజలకు థయామిన్ (విటమిన్ బి1) లోపించి వచ్చిన జబ్బు అది, మన కోస్తా జిల్లాలు కూడా ఆ బాధ పడ్డవే. కాబట్టి బియ్యాన్ని నాలుగైదు నీళ్లు పోసి కడగడం, గంజి వార్చి పారబోయడం ఎందుకు మంచివి కావో చెప్పడానికి మీకు ఒక చరిత్రే ఉంది. అలాగే గత కొన్నేళ్లుగా రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలను వంద గింజలకు ఒకటి చొప్పున కలిపి ఇస్తూ వచ్చారు. కడిగేటప్పుడు అవి తేలినా, రంగు తేడాగా కనిపించినా ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసేవారిని నేను ఇరు జిల్లాల్లోనూ చూశాను. ఆ గింజలను తరగతికి తెచ్చి, చేత్తో పట్టించి, వండించి తినిపించండి. స్వయంగా తిన్న విద్యార్థిని చెప్పే మాటలో ఉండే ధీమా పుస్తకం చదివి చెప్పే మాటలో ఉండదు.

ఇప్పుడు రక్తహీనత. ఈ సబ్జెక్టులో ఎక్కువ గంటలు దీనికే ఇవ్వండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మీ విద్యార్థినులు వార్డులో మాట్లాడబోయే ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి, తరచుగా వాళ్లకే కూడా, ఈ సమస్య ఉంటుంది.

మొదట బీట్‌రూట్, దానిమ్మల సంగతి తేల్చండి. ఎర్రగా ఉన్నది తింటే రక్తం పడుతుందన్న నమ్మకం చదువుకున్నవారిలో కూడా బలంగా ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన ఆహార విలువల పట్టిక తెరిచి బీట్‌రూట్‌లో ఇనుము ఎంతో విద్యార్థినితోనే చదివించండి. వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రుతుక్రమం ఉన్న స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఆకుకూరల్లో ఇంతకంటే చాలా ఎక్కువ ఉన్నా, మొక్కల నుంచి వచ్చే ఇనుములో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. హిమోగ్లోబిన్ బాగా తగ్గిన గర్భిణికి తిండి ఒక్కటే చాలదు, మాత్ర తప్పదు. ఈ మాట పోషకాహారం చెప్పే టీచరు నోటి నుంచే రావాలి. తిండితోనే అంతా సరిపోతుందని పిల్లలు అనుకుంటే, వాళ్ల మాట విని మాత్రలు మానేసే రోగులు ఉంటారు.

మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడగడం కూడా ఆహార వివరంలో భాగమే. ఒకసారి తీరప్రాంతపు మండలం నుంచి ఏడో నెల గర్భిణి వచ్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిది చిల్లర. కాగితం మీద మాత్రలన్నీ అందుతున్నాయి, ఆమె కూడా రోజూ వేసుకుంటున్నానంది. మా విద్యార్థిని పొద్దున్నుంచి వరుసగా అడుగుతూ పోతే తేలిందేమిటంటే, ఐరన్ మాత్రనూ క్యాల్షియం మాత్రనూ కలిపి, టిఫిను అవగానే, టీతో మింగుతోంది. "రెండు మాత్రలు కదా, మరిచిపోకుండా ఒకేసారి వేసుకుంటున్నా" అంది. క్యాల్షియం ఇనుమును పట్టనివ్వదు, టీలోని టానిన్లూ పట్టనివ్వవు. మాత్ర ఏది ఎప్పుడు అన్నది ఆ అమ్మాయి చీటీ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇచ్చింది: క్యాల్షియం పొద్దున టిఫినుతో ఒకటి, మధ్యాహ్నం భోజనంతో ఒకటి, ఐరన్ రాత్రి భోజనమయ్యాక కొంత సేపటికి, పడుకునే ముందు నిమ్మరసం నీళ్లతో. డాక్టరు ఐరన్ మోతాదు కూడా పెంచారు. తర్వాతి నెల పరీక్షలో హిమోగ్లోబిన్ పెరిగింది. నెల రోజుల చికిత్సకు కనీసం ఒక గ్రామైనా పెరగాలి, పెరగకపోతే పైవారికి చెప్పాలి అన్న నియమం ఆ విద్యార్థినికి ఆ కేసుతోనే నిలిచిపోయింది.

నిమ్మకాయ మాట ఊరికే రాయలేదు. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు ఉన్న ప్రాంతం మనది. విటమిన్ సి కోసం రోగులకు కమలాలు కొనమని చెప్పనక్కరలేదు. తోటకూర పప్పు మీద, మునగాకు వేపుడు మీద, తినేటప్పుడు అరచెక్క నిమ్మకాయ పిండుకోమంటే చాలు. ఉడికేటప్పుడు పిండితే విటమిన్ కొంత పోతుంది కాబట్టి పొయ్యి మీద నుంచి దించాక అని స్పష్టంగా చెప్పించండి. ఐరన్ మాత్రతో మలం నల్లగా వస్తుందని, అది భయపడవలసిన విషయం కాదని కూడా ముందే చెప్పకపోతే, చాలామంది వారంలోపే మానేస్తారు.

పథ్యాల సంగతికి వస్తాను. ఇక్కడ కొత్త విద్యార్థినులు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని బాలింత ముందే ఆమె తల్లిని తప్పుపడతారు. కొందరు తమ ఇంట్లో జరిగేదీ అదే కనుక నోరెత్తరు. రెండూ వద్దు. పథ్యాన్ని మూడు భాగాలుగా విడదీయడం నేర్పండి: మేలు చేసేవి, హాని లేనివి, హాని చేసేవి. వెల్లుల్లి కారంతో అన్నం, నెయ్యి, బీరకాయ, తీరంలో సొరచేప పుట్టు, ఇవి తిననివ్వండి. సొర పుట్టు మంచి ప్రోటీన్ కూడా. కాయం ముద్ద (బాలింతకు పెట్టే మందు దినుసుల ముద్ద) కొద్దిగా తింటే నష్టం లేదు. దాహం వేసినా నీళ్లు ఇవ్వకపోవడం, పప్పులు, కూరలు, పండ్లు వారాల తరబడి ఆపేయడం, ఒక్క పూట తిండితో సరిపెట్టడం, ముర్రుపాలు పిండి పారబోయడం, ఇవి హాని చేసేవి. వీటి మీద మాత్రం మెత్తగానైనా గట్టిగా నిలబడాలి.

మాట్లాడవలసింది బాలింతతో కంటే ఎక్కువగా ఆమెకు వండిపెట్టే మనిషితో. మంచం పక్కన కింద కూర్చుని ఉన్న తల్లి లేదా అత్త ఒప్పుకోకపోతే బాలింత ఎంత తల ఊపినా లాభం లేదు. "పథ్యం మానండి" అంటే ఎవరూ వినరు. పథ్యంలోకి ఒకటి చేర్చమని అడిగితే వింటారు. ఒక ముసలామె మా విద్యార్థినితో కచ్చితంగా, "పదకొండో రోజు దాకా పప్పు పెట్టమమ్మా, బిడ్డకు కడుపునొప్పి వస్తుంది" అంది. ఆ అమ్మాయి వాదించకుండా, "సరే అమ్మమ్మా, మీరు వెల్లుల్లి కారం ఎలాగూ చేస్తారు కదా, దానిలో మునగాకు వేయించి దంచితే పాలు బాగా పడతాయి, చూడండి. గుడ్డు ఉడకబెట్టి పెట్టొచ్చు కదా?" అంది. మునగాకుకు ఆమె వెంటనే ఒప్పుకుంది. గుడ్డు గురించి ఇంట్లో అడిగి చెబుతానంది. మరునాడు గుడ్డు పెట్టింది. పప్పు సంగతి టీకాకు వచ్చినప్పుడు మాట్లాడవచ్చు. ఒక భేటీలో ఒకటి, మహా అయితే రెండు మార్పులకు మించి అడగకూడదని నేను నియమం పెట్టాను.

మన ప్రాంతంలో బోధించేవారు తప్పక చెప్పవలసినది ఫ్లోరైడు. దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరాయి. అయినా ఈ సంగతి తెలియకుండానే మన పిల్లలు నర్సులైపోతున్నారు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. దానికి మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోవడం చూస్తాము. దీనికి మందు లేదు. నీరు మార్చడమే మొదటి పని. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు తాగమన్న మామూలు సలహాతో ఇక్కడ ఫ్లోరోసిస్ ఆగదని విద్యార్థులకు తెలియాలి. ఆహారంలో క్యాల్షియం, విటమిన్ సి తక్కువగా ఉన్నవారికి ఈ జబ్బు మరింత చేటు చేస్తుంది. అందుకే పాలు, పెరుగు, రాగి సంగటి, ఉసిరి, నిమ్మ అక్కడ మామూలు కంటే ముఖ్యం. వంటకూ తాగడానికీ మంచినీరు, మిగతా పనులకు బోరునీరు అని విడదీయగలరా అన్నది కూడా ఇంటింటా అడగవలసిన ప్రశ్న. మీ తరగతిలో ఆ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు, కొందరి పళ్లే చెబుతాయి. దయచేసి వాళ్లను ఉదాహరణగా నిలబెట్టకండి. వాళ్లే చెప్పుకుంటామంటే అంతకంటే మంచి పాఠం ఉండదు.

మన ప్రాంతంలోనే రెండు రకాల కంచాలు ఉన్నాయన్నది కూడా దీని నుంచే చెప్పవచ్చు. తీరాన కొత్తపట్నం, మైపాడు వైపు చేప, రొయ్య దొరుకుతాయి. ముల్లుతో సహా తినే నెత్తళ్లలో క్యాల్షియం బాగా ఉంటుంది. అయితే ఎండు చేప, ఊరగాయల వల్ల ఉప్పు ఎక్కువ. రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా, అన్న పరిమితి అక్కడ బీపీ రోగులతో నిలబడడం కష్టం. ఎండు చేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండమని, పక్కన ఊరగాయ వేసుకోవద్దని చెబితే కొంత తగ్గుతుంది. పడమటి మండలాల్లో సజ్జలు, కొర్రలు, రాగులు ఇంకా పొలాల్లో ఉన్నాయి, ఇళ్లలో మాత్రం రేషన్ బియ్యానికి దారి ఇచ్చాయి. అక్కడ "చిరుధాన్యాలు తినండి" అని కొత్తగా చెప్పనక్కరలేదు, వాళ్ల పెద్దలు తిన్నదే గుర్తుచేస్తే చాలు.

షుగరు గురించి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే దీని మీద పుస్తకాల్లో సరిపడా ఉంది. పుస్తకాల్లో లేనివి రెండు. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే షుగరు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. చపాతీ పిండినీ, అంతే పిండిపదార్థం ఇచ్చే అన్నాన్నీ పక్కపక్కన పెట్టి చూపించండి. అసలు సంగతి కొలతలో ఉందని అర్థమవుతుంది. రెండోది, రాగి మంచిదని రోజూ గ్లాసుల కొద్దీ పలుచటి రాగి జావ తాగడం. పిండిగా కాచి తాగిన జావ త్వరగా అరిగి చక్కెరను త్వరగానే పెంచుతుంది. అదే రాగిని సంగటిగా, పప్పుతో, కూరతో కలిపి మితంగా తింటే నయం. చక్కెర 70 కంటే తగ్గిన రోగికి మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ పరీక్షించడం మాత్రం ప్రతి ఒక్కరికీ నిద్రలో లేపి అడిగినా రావాలి.

కేస్‌షీట్ చూడకుండా ఎవరికీ ఆహార సలహా చెప్పకూడదు. గర్భిణుల వార్డులో "ఆకుకూరలు, పండ్లు, కొబ్బరినీళ్లు" అన్నది మామూలు మాట. డయాలసిస్ వార్డులో అదే మాట ప్రాణం మీదికి తెస్తుంది. పొటాషియం బయటికి పోని ఒంట్లోకి కొబ్బరిబోండాం నీళ్లు వెళితే గుండె లయ తప్పవచ్చు. కనిగిరి వైపు నుంచి మూత్రపిండాల జబ్బుతో వచ్చేవారు చాలామంది ఉన్నారు కాబట్టి మీ పిల్లలకు ఈ వార్డు త్వరగానే ఎదురవుతుంది. అక్కడ కూరగాయలను సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి వండాలి. గంజి వార్చవద్దు, కూర ఉడికించిన నీళ్లు పారబోయవద్దు అని మనమే మిగతావారికి చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. ఎందుకు ఎదురో విద్యార్థిని తన మాటల్లో వివరించగలిగితే ఆమెకు పాఠం వచ్చినట్టే.

ప్రాక్టికల్స్‌కు పదిహేను గంటలున్నాయి. చాలా చోట్ల పది వంటకాలు వండి, రికార్డులో రంగు బొమ్మలు అంటించడంతో అవి అయిపోతాయి. నేను వంటకాలు తగ్గించి పనులు పెంచాను. కొలతల పని పైన చెప్పాను. రెండోది, ఆరు నెలలు నిండిన బిడ్డ తిండి. జావను చెంచాతో తీసి వంచమనండి. నీళ్లలా జారిపోతే అది తిండి కాదు, బిడ్డ చిన్న పొట్ట నిండుతుంది కానీ శక్తి అందదు. చెంచాను కాసేపు పట్టుకుని ఉండేంత చిక్కగా, మెత్తగా మెదిపి, అర చెంచా నూనె లేదా నెయ్యి కలపాలి. అన్నం, పప్పు, మెదిపిన ఆకుకూరతో ఒకటి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడితో ఒకటి చేయించి, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి తొమ్మిదో నెలకు అర కప్పు దాకా ఎలా పెంచాలో చూపించండి. మూడోది, దండచేయి (మోచేతి పైభాగం) చుట్టుకొలత టేపు వాడకం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం. ఈ పని బొమ్మ మీద వద్దు, అంగన్‌వాడీకి తీసుకువెళ్లి చేయించండి. నాలుగోది, ముక్కు గొట్టం ద్వారా తిండి ఇవ్వడం: తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, గొట్టం స్థానం సరిచూసి, ముందూ వెనకా నీళ్లతో కడిగి. గంజిని వడకట్టకుండా పోస్తే గొట్టం ఎలా మూసుకుపోతుందో ఒకసారి వాళ్ల చేతులతోనే చేసి చూడనివ్వండి. ఐదోది, రైతు బజారులో వాళ్లే ధరలు తెలుసుకుని, నలుగురున్న కూలి కుటుంబానికి ఒక రోజు వంట లెక్క వేయడం. ఆపిల్ పండ్లు, బాదం పప్పులు రాసిన జాబితాలు ఈ పనితో వాటంతటవే కొట్టివేతకు గురవుతాయి.

మార్కులు వేసే తీరు మారనంత కాలం పిల్లలు మారరు. విశ్వవిద్యాలయ పరీక్ష మీ చేతిలో లేదు, ఇంటర్నల్స్ ఉన్నాయి. ఒకరు గర్భిణిగా, ఒకరు అత్తగా, ఒకరు నర్సుగా కూర్చుని మాట్లాడే పరీక్ష పెట్టండి. చెప్పే ముందు అడిగిందా, కేస్‌షీట్ చూసిందా, రెండు మార్పులకు మించకుండా చెప్పిందా, చివర "ఇప్పుడు ఇంటికి వెళ్లి ఏమి చేస్తారో మీరు ఒకసారి నాకు చెప్పండి" అని తిరిగి చెప్పించుకుందా, ఈ నాలుగింటికే మార్కులు. అత్త పాత్ర వేసే అమ్మాయిలు సొంత ఇళ్ల మాటలే తెచ్చి వినిపిస్తారు, అందువల్ల ఆ పరీక్ష నిజమైన వార్డుకు చాలా దగ్గరగా ఉంటుంది.

పిల్లల సొంత తిండి కూడా మీ పాఠంలో ఉండాలి. హాస్టలులో టిఫిను తినకుండా ఆరున్నరకు వార్డుకు వెళ్లి, పదకొండింటికి టీ, బిస్కట్లతో సరిపెట్టుకునే అమ్మాయి ఇతరులకు తిండి గురించి చెప్పడం అన్యాయం, ఆమెకే అన్యాయం. మొదటి వారంలో ఎవరి ఆహార వివరం వాళ్లే రాసుకోనివ్వండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే ఫలితం ఎవరిది వాళ్లకే విడిగా ఇవ్వండి, తరగతిలో చదవకండి. తక్కువ ఉన్నవారికి చికిత్స అందిందో లేదో మీరే కనుక్కోండి. మెస్ వంటవారిని కూడా ఒక రోజు తరగతికి పిలిచి కూర్చోబెడితే, వార్చిన గంజి, పలుచటి పప్పు గురించి మీరు ప్రత్యేకంగా ఫిర్యాదు చేయనక్కరలేదు.

చార్టుల గురించి అడిగారు. ముందుగా పాఠ్యపుస్తకంలోని అంకెలను సరిచూసుకోండి. పాత ముద్రణల్లో స్త్రీకి ఇనుము 21 మిల్లీగ్రాములు, గర్భిణికి 35 అని 2010 నాటి సిఫారసులు ఉంటాయి. 2020 సిఫారసుల్లో అవి 29, 27. గర్భిణికి తక్కువెందుకని పిల్లలు తప్పక అడుగుతారు. రుతుస్రావం ఆగిపోవడం, గర్భంలో ఇనుము ఒంటికి ఎక్కువగా పట్టడం ఇందుకు కారణాలని చెప్పండి. రోజుకు ఎంత కావాలో చెప్పడానికి ఈ 2020 సిఫారసులు, ఆహార విలువలకు 2017 పట్టికలు, సామాన్యులకు చెప్పే మాటలకు 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు, ఈ మూడూ తరగతిలో ఉంటే చాలు. అచ్చు చార్టులు కొనకండి, వాటి మీద మన ఊళ్లో దొరకని పండ్లే ఎక్కువ. గోడ మీద ఒక పెద్ద కాగితం పెట్టి, ప్రతి పోస్టింగు తర్వాత పిల్లలు విన్న ప్రశ్నలను రోగి అన్న మాటల్లోనే రాయించండి. తర్వాతి వారం పాఠం ఆ కాగితంలోని ప్రశ్నల నుంచే చెప్పండి. అందులో మీకు వెంటనే జవాబు తట్టనివి ఏమైనా ఉంటే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.